వాయించకుండా గిటారిస్టు అనిపించుకోవడానికి ట్యూబ్ యాంప్ చిట్కాలు

ఎలక్ట్రిక్ గిటార్ కొన్నవాళ్లు చేసే మొదటి తప్పు దాన్ని వాయించడం. వేళ్లు కాయలు కాస్తాయి, మెట్రోనోమ్‌తో రోజూ తగువు, ఇంత చేసినా పక్క ఫ్లాట్ పిల్లాడు మనకంటే బాగా వాయిస్తాడు. ఈ బాధంతా అక్కర్లేదు. ఒక ట్యూబ్ యాంప్ కొనండి. ఏ గిటార్‌కి ఏ యాంప్, ఏ యాంప్‌కి ఏ ట్యూబులు, ఏ ట్యూబులకి ఏ స్పీకర్ అనే వెతుకులాటలో పడినవాణ్ని ‘ఏదీ, ఒక పాట వాయించు’ అని ఎవరూ అడగరు. అడిగినా తప్పించుకోవడానికి దారులు బోలెడు. ట్రాన్సిస్టర్ యాంప్ కొన్నవాడికి ఈ సుఖం లేదు పాపం. స్విచ్ వేయగానే పలికి కూర్చుంటుంది, ఇక వాయించక చావదు.

కింద చెప్పినవి వరసగా పాటించండి. మధ్యలో ఎక్కడైనా గిటార్ బాగా మోగుతున్నట్టు అనుమానం వస్తే వెంటనే ఆగి, ఏ చిట్కా వదిలేశారో చూసుకోండి.

1. యాంప్ పెద్దది కొనండి. మీరుండేది కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాట్ అయితే 100 వాట్లకు తగ్గొద్దు. తెలిసినవాళ్లు 5 వాట్లది చాలంటారు. వాళ్ల లెక్క సరైనదే. 50 వాట్ల యాంప్‌కీ 100 వాట్ల యాంప్‌కీ మోతలో తేడా 3 డెసిబెళ్లే. చెవికి రెట్టింపు మోత అనిపించాలంటే వాట్లు పదింతలు కావాలి. అంటే 10 వాట్లది 100 వాట్లదానిలో సగం మోగుతుంది, ఆ సగంతోనే అపార్ట్‌మెంటంతా నిద్ర లేస్తుంది. ఈ లెక్క విన్నట్టు తలూపి 100 వాట్లదే తెచ్చుకోండి. ట్యూబ్ యాంప్‌లో రుచి అంతా పవర్ ట్యూబులు చెమటోడ్చినప్పుడే వస్తుంది. ఇంట్లో వాల్యూమ్ ఒకటి దాటనివ్వరు గనక వాటికి ఏ పనీ ఉండదు. శబ్దం పలచగా, నీరసంగా వస్తుంది. మనకు కావలసింది అదే. ఎవరైనా వినడానికి వస్తే ‘ఇది ఓపెన్ అవ్వాలంటే ఆరు మీద పెట్టాలి బ్రో, సెక్రటరీ బతకనివ్వడు’ అనండి. వచ్చినవాడు మీ మీద జాలిపడి, టీ తాగి వెళ్లిపోతాడు.

ఎప్పుడైనా సరదాపడి ఆరు మీద పెట్టారనుకోండి, సెక్రటరీ గారు తలుపు కొడతారు. ఎరిక్ క్లాప్టన్ కథ చెప్పండి. 1966లో జాన్ మేయాల్ బృందంతో ‘బ్లూస్ బ్రేకర్స్’ ఆల్బమ్ రికార్డు చేసేటప్పుడు ఆయన లెస్ పాల్‌ని మార్షల్ యాంప్‌కి తగిలించి, మోత తగ్గించనని స్టూడియోలో మొండికేశాడు. ఆ మొండితనం వల్లే లెస్ పాల్, మార్షల్ జోడీకి ఇంత పేరొచ్చింది. ఇదంతా సెక్రటరీ గారికి గుమ్మంలోనే, చెప్పుల్లో నిలబెట్టి చెప్పండి. ఆయన వినకపోతే మరీ మంచిది. యాంప్ ఆపేయడానికి బలమైన కారణం దొరికినట్టే.

2. యాంప్‌ని అమెరికా నుంచి తెప్పించండి. బావమరిది డాలస్‌లో ఉంటే ఆయనకు చెప్పండి. ఫెండర్ ట్విన్ రివర్బ్ అడగండి. దాని బరువు దాదాపు 29 కిలోలు. విమానంలో ఒక పెట్టెకి మామూలుగా ఇచ్చేది 23 కిలోలు. ఇక్కడే ఒక ఏడాది గడుస్తుంది. ఈలోగా ‘యాంప్ దారిలో ఉంది’ అని చెప్పుకోవచ్చు.

తీరా వచ్చాక అది 120 వోల్టులది, మన గోడలోంచి వచ్చేది 230. నేరుగా మన ప్లగ్గులో మాత్రం పెట్టకండి. ఒక్క క్షణంలో కథ ముగిసిపోతుంది, మన ధ్యేయం కథ ముగించడం కాదు, సాగదీయడం. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలని యాంప్ ఇంటికొచ్చాకే కనిపెట్టండి. 230 వోల్టుల మోడల్ కూడా కంపెనీలు చేస్తాయన్న సంగతి బావమరిదికి ముందుగా చెప్పొద్దు.

3. జోడీ కుదర్చడంలో లోకమంతా ఒప్పుకున్న జంటల దగ్గరికి పోవద్దు. ఫెండర్ టెలికాస్టర్‌కి ఫెండర్ డీలక్స్ రివర్బ్. గిబ్సన్ లెస్ పాల్‌కి మార్షల్. రికెన్‌బాకర్‌కి వాక్స్ ఏసీ30. ఇవి పప్పూ ఆవకాయా లాంటివి, ఎవడు కలిపినా బాగానే ఉంటాయి. అదే చిక్కు. బాగున్నదాన్ని సరిచేయడానికి ఏముంటుంది? సరిచేసేది లేకపోతే కూర్చుని సాధన చేయాలి.

కాబట్టి ఈ జంటలు ఎందుకు కుదిరాయో ముందు తెలుసుకుని, దానికి సరిగ్గా తలకిందులుగా చేయండి. టెలికాస్టర్ పికప్‌లో ఒకటే చుట్ట. గొంతు సన్నం, పదును ఎక్కువ. 1960ల నాటి ఫెండర్ యాంపుల్లో టోన్ సర్క్యూట్ మధ్య స్థాయి శబ్దాన్ని కాస్త తోడేస్తుంది. అందుకే రెండూ కలిస్తే గంట కొట్టినట్టు శుభ్రంగా వినపడుతుంది. లెస్ పాల్ పికప్‌లో రెండు చుట్టలు. గొంతు బొంగురు, ఊపు ఎక్కువ. ఆ ఊపుకి మార్షల్ తొందరగా గరగరలాడుతుంది, ఆ యాంప్ సహజంగానే మధ్య స్థాయిని ముందుకు తోస్తుంది గనక బ్యాండు మొత్తంలో గిటార్ విడిగా వినిపిస్తుంది.

ఇప్పుడు మీరు చేయవలసింది ఇది. లెస్ పాల్ తీసుకోండి. స్విచ్‌ని మెడ వైపు పికప్ మీద ఉంచండి. ఫెండర్ ట్విన్‌కి తగిలించి బాస్ నాబ్ పది, మిడిల్ సున్నా పెట్టండి. ఏ స్వరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో మీకే తెలియదు. తప్పు స్వరం నొక్కినా ఎవరూ పట్టుకోలేరు. ఇంతకంటే క్షేమకరమైన అమరిక నాకు తెలిసి ఇంకోటి లేదు.

రెండో పద్ధతి ఇంకా చురుకైనది. టెలికాస్టర్ తీసుకుని బ్రిడ్జి వైపు పికప్ పెట్టండి, ఏసీ30లో టాప్ బూస్ట్ చానెల్‌కి తగిలించండి, ట్రెబుల్ పది. ఆ యాంప్ మీద ‘కట్’ అని ఒక నాబ్ ఉంటుంది. దాన్ని తిప్పేకొద్దీ కీచుతనం తగ్గుతుంది. అది సున్నా దాటకుండా చూసుకోండి. రెండు పాటలకే గదిలోవాళ్లు బ్రేక్ అడుగుతారు. మీరు అడిగినట్టు కాలేదు, బ్రేక్ మాత్రం వచ్చింది.

4. ఒకే చుట్ట ఉన్న పికప్‌లు కరెంటు హమ్‌ని లాగుతాయి. మన దగ్గర 50 హెర్ట్‌జ్ కరెంటు, ఆ గురగుర సన్నగా మొదలై యాంప్ గెయిన్ పెంచేకొద్దీ పాటను మించిపోతుంది. ఈ బాధ పోగొట్టడానికే గిబ్సన్‌లో సేథ్ లవర్ అనే ఇంజనీరు రెండు చుట్టల్ని ఎదురెదురుగా కలిపి పికప్ తయారుచేశాడు, 1957 నుంచి అది గిటార్లలోకి వచ్చింది. ఆయన పుణ్యాన వాయించేవాళ్ల సాకు ఒకటి పోయింది. మీరు ఒకే చుట్ట గిటార్‌తోనే ఉండండి.

హమ్ గిటార్ తిరిగి ఉన్న దిక్కును బట్టి మారుతుంది. కుర్చీ కాస్త పక్కకు తిప్పితే చాలావరకు పోతుంది. కుర్చీ తిప్పకండి. ఫ్యాన్ రెగ్యులేటర్ పక్కన, ఫోన్ చార్జర్ పైన, మానిటర్ ఎదురుగా కూర్చోండి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద నడిపితే, అది చవక రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే, గురగుర కాస్తా బరబరగా మారుతుంది. వచ్చినవాళ్లతో ‘ఎర్తింగ్ సమస్య, బిల్డర్‌తో మాట్లాడుతున్నా’ అనండి. బిల్డర్ మాట ఎత్తాక ఆ సమస్య తీరుతుందని ఎవరూ ఆశపెట్టుకోరు.

5. గిటార్ మీది వాల్యూమ్ నాబ్‌ని పది దగ్గర పెట్టి ఫెవిక్విక్ వేసేయండి.

ఇది చిన్న చిట్కాలా కనిపిస్తుంది గానీ మొత్తం వ్యవహారానికి ఇదే మూలస్తంభం. ట్యూబ్ యాంప్ గొప్పదనమే చేతికి స్పందించడం. యాంప్‌ని గరగరలాడే దాకా పెంచి, గిటార్ వాల్యూమ్ పది నుంచి ఆరుకు దించితే గరగర పోయి శుభ్రమైన గొంతు వస్తుంది. మళ్లీ పదికి తెస్తే మళ్లీ గరగర. మెల్లగా మీటితే ఒకలా, గట్టిగా మీటితే ఇంకోలా. ఒక్క నాబుతో, ఒక్క గిటార్‌తో, ఒక్క యాంప్‌తో ఇన్ని గొంతులు దొరుకుతాయని తెలిస్తే పెడళ్లు ఎందుకు కొంటారు? రెండో గిటార్ ఎందుకు? మూడో యాంప్ ఎందుకు? ఇన్ని కొనుగోళ్లను ఆపేసే శక్తి ఆ చిన్న ప్లాస్టిక్ నాబ్‌కి ఉంది. అందుకే ఫెవిక్విక్.

6. పాత తరహా ఫెండర్ యాంపుల మీద ఒక్కో చానెల్‌కి రెండు ఇన్‌పుట్ రంధ్రాలుంటాయి. ఒకటోదానికంటే రెండోది 6 డెసిబెళ్లు తక్కువ. రెండోదాంట్లో పెట్టండి. యాంప్‌లో దమ్ము లేదని చెప్పి బూస్టర్ పెడల్ కొనండి.

7. ఇప్పుడు కేబుల్. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ డబ్బు పోగొట్టుకునే దారి ఇదొక్కటే.

గిటార్ కేబుల్‌కి మీటరుకి సుమారు 100 పికోఫారాడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది, చవకదానికి ఇంకా ఎక్కువ. పొడవు పెరిగేకొద్దీ అది పికప్‌తో కలిసి పై స్థాయి స్వరాలను మింగేస్తుంది. మంచంమీద కూర్చుని వాయించేవాడికి మూడు మీటర్లు సరిపోతుంది. మీరు పది మీటర్లది, దొరికినవాటిలో చవకది కొనండి. గిటార్ దుప్పటి కప్పుకుని మూలిగినట్టు మోగుతుంది.

కేబుల్‌ని అనుమానించకండి. పికప్‌లను అనుమానించండి. కొత్త పికప్‌లు, బాగా పదునైనవి, తెప్పించి వేయించండి. వేయించేటప్పుడు లోపలి పాట్లు కూడా మార్పించండి. ఒకే చుట్ట పికప్‌లకి 250 కిలోఓములది, రెండు చుట్టలవాటికి 500 కిలోఓములది వేయడం ఆనవాయితీ. విలువ పెరిగితే పదును పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. మీరు ఆనవాయితీ కంటే తక్కువ విలువది వేయించండి. పదునైన పికప్ కొని దాని పదును మళ్లీ మీరే కోసేసుకున్నట్టవుతుంది, మరో రెండు నెలలు గడుస్తాయి.

అప్పటికీ బాగాలేదు గనక స్పీకర్ మార్చండి. సెలెస్టియన్, జెన్సెన్, ఎమినెన్స్ అని మూడు పేర్లున్నాయి, మూడింటి గురించీ జనం రాత్రుళ్లు కొట్టుకుంటారు. ఏదో ఒకటి తెప్పించండి. యాంప్ వెనక 8 ఓములని రాసి ఉంటే 16 ఓములది తెప్పించండి. ట్రాన్సిస్టర్ యాంప్‌లా కాకుండా ట్యూబ్ యాంప్‌కి ఒక అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, దానికి సరిపడ్డ ఓములే తగలాలి. తగలకపోతే బలం తగ్గుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ మీద ఒత్తిడి పడుతుంది. స్పీకర్ తీగ అసలు పెట్టకుండా గిటార్ వాయిస్తే ఆ ట్రాన్స్‌ఫార్మరే కాలిపోవచ్చు. యాంప్‌లో అన్నిటికంటే ఖరీదైన ముక్కల్లో అదొకటి, దొరకడం అన్నిటికంటే ఆలస్యం. ఏ షోకైనా మాటిచ్చి ఇరుక్కున్నవాళ్లు ఈ వాక్యాన్ని గుర్తుంచుకోవాలి.

కొత్త స్పీకర్ పాత పెట్టెలో పట్టదు, కొత్త క్యాబినెట్ చేయించాలి. వడ్రంగి టేకు అంటాడు, మీరు బర్చ్ ప్లైవుడ్ అనండి. అది వచ్చేదాకా ఆగండి. ఇంత జరిగాక కూడా పది మీటర్ల కేబుల్ అలాగే ఉంటుంది గనక గిటార్ మూలుగుతూనే ఉంటుంది. అప్పుడు గిటార్ అమ్మేయండి.

8. ట్యూబుల గురించి తెలియకుండా ట్యూబ్ యాంప్ ఉన్నా లేనట్టే. ఐదు పేర్లు కంఠస్థం చేయండి. ముందు భాగంలో ఉండే చిన్నవి 12ఏఎక్స్7. వెనక ఉండే పెద్దవి ఫెండర్ పెద్ద యాంపుల్లో 6ఎల్6, చిన్నవాటిలో 6వీ6, మార్షల్‌లో ఎక్కువగా ఈఎల్34, వాక్స్‌లో ఈఎల్84. ఇవి చాలు. వీటిని ఎలా అడ్డంపెట్టుకోవాలో వినండి.

12ఏఎక్స్7నే ఐరోపాలో ఈసీసీ83 అంటారు. రెండూ ఒకటే. రెండూ విడివిడిగా కొని, రెంటికీ మధ్య తేడాను స్నేహితులకు వర్ణించండి. ఇంగ్లండ్‌లో ముల్లార్డ్ వాళ్లు, జర్మనీలో టెలిఫుంకెన్ వాళ్లు ఒకప్పుడు చేసిన పాత సరుకు కోసం వెతుకుతున్నానని చెప్పండి. మన బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా ఒకప్పుడు ఈ వాల్వులు తయారుచేసింది. ఆ పాత డబ్బాలు ఇంకా కొన్ని దొరుకుతాయి, వాటి పేరెత్తితే మీకు లోతు ఉందనుకుంటారు. పాత సరుకు వెతుకుతున్నంత కాలం కొత్తది పెట్టుకోనక్కర్లేదు. ట్యూబు లేని యాంప్ పలకదు. పలకని యాంప్ ముందు సాధన చేయమని ఏ గురువూ చెప్పలేడు.

ఇక రిహార్సల్ రోజు చేయవలసిన పని. డ్రమ్మర్ కర్రలు తొడమీద పెట్టుకుని ఎదురుచూస్తుంటాడు. పాటగత్తె నీళ్ల సీసా మూత బిగించి లేచి నిలబడుతుంది. సరిగ్గా అప్పుడు మీరు చేయి పైకెత్తి ‘ఒక్క నిమిషం’ అనండి. యాంప్ వెనక్కి వెళ్లి గొంతుక్కూర్చోండి. సెల్‌ఫోన్ టార్చి పళ్ల మధ్య పట్టుకోండి. పెన్సిల్ తీసుకుని, రబ్బరున్న వైపుతో చిన్న ట్యూబులను ఒక్కొక్కటే సుతారంగా తట్టండి. లోపలి భాగాలు వదులైన ట్యూబు స్పీకర్లో ‘టింగ్’మని మోగుతుంది, దాన్ని మైక్రోఫోనిక్ అంటారు. గెయిన్ పెంచి తడితే మంచి ట్యూబు కూడా కొంచెం టింగ్‌మంటుంది. ఆ సంగతి మీకు తెలుసు, డ్రమ్మర్‌కి తెలియదు. ‘విన్నావా?’ అని అడగండి. వాడు విన్నానంటాడు. మళ్లీ తట్టండి. అరగంట ఇట్టే పోతుంది, జామ్ రూమ్‌కి గంట చొప్పున డబ్బు కడుతున్నది వాళ్లు కూడా గనక మీ వాటా నష్టం పావుకు మించదు.

9. కుదిరినప్పుడల్లా వాడుకోవడానికి మాటలు:

‘ట్యూబులు ఇంకా వేడెక్కలేదు.’ ఫిలమెంటు ఎర్రబడడానికి అర నిమిషం చాలు. మీరు అరగంట అని చెప్పండి.

‘శాగ్ అయింది అన్నా.’ ఇది తాళం తప్పినప్పుడు. కొన్ని పాత తరహా యాంపుల్లో రెక్టిఫయర్ కూడా ట్యూబే. గట్టిగా మీటినప్పుడు వోల్టేజీ ఒక్క క్షణం కుంగి, స్వరం అణిగి మళ్లీ ఉబ్బుతుంది. దానికీ తాళానికీ సంబంధం లేదు. అయినా ‘నేను సమానికే మీటాను, యాంప్ ఆలస్యంగా ఇచ్చింది’ అంటే ఎవరూ కాదనలేరు. మీ యాంప్‌లో ట్యూబ్ రెక్టిఫయర్ లేకపోయినా ఈ మాట పనిచేస్తుంది.

‘మా వీధిలో లో వోల్టేజీ, అందుకే ఈ సౌండ్.’ ఎడ్డీ వాన్ హాలెన్ తన మార్షల్‌కి వేరియాక్ పెట్టి మరీ వోల్టేజీ తగ్గించుకునేవాడు. మీకు ఆ సౌకర్యం కరెంటు స్తంభం నుంచే ఉచితంగా వస్తోందని చెప్పండి. ఆయన వేళ్ల సంగతి ఎత్తొద్దు.

స్టాండ్‌బై స్విచ్ వేయడం మరచిపోవడం కూడా మంచి అలవాటు. లైటు వెలుగుతుంది, శబ్దం రాదు. కేబుల్ మార్చండి, గిటార్ మార్చండి, గోడ ప్లగ్గు మార్చండి. చివర్న ఎవరూ చూడకుండా స్విచ్ వేసి ‘హమ్మయ్య, కుదిరింది’ అనండి. ఏదో బాగుచేసినవాడిగా పేరు కూడా వస్తుంది.

10. వాయించమని మరీ బలవంతం చేస్తే చరిత్ర ఎత్తుకోండి. లండన్ పడమట హాన్‌వెల్‌లో జిమ్ మార్షల్ అనే డ్రమ్స్ మాస్టారు దుకాణం పెట్టడం, అక్కడికొచ్చే కుర్రాళ్లు అమెరికా ఫెండర్ యాంప్ ఖరీదు భరించలేకపోవడం, 1962లో ఆయన మనుషులు ఫెండర్ బాస్‌మ్యాన్‌ని చూసి తమదొకటి కట్టడం, బాస్ గిటార్ కోసం పుట్టిన డిజైన్ రాక్ గిటార్‌కి ప్రాణమైపోవడం. ఇది మంచి కథ, నిజమైన కథ, నెమ్మదిగా చెబితే ఒక సాయంత్రం నడుస్తుంది.

శ్రోతలు తేరుకునేలోపు సంఖ్యల్లోకి దించండి. మార్షల్ ‘1959’ అనే యాంప్ 1959లో రాలేదు, 1965లో వచ్చింది. అది మోడల్ నంబరు. మార్షల్ ‘1987’ కూడా 1960లలోదే. క్లాప్టన్ వాడిన కాంబో నంబరు ‘1962’, వాడింది 1966లో. దీనికి తోడు ఫెండర్ బాస్‌మ్యాన్‌లో అందరూ మొక్కేది నిజంగానే 1959 నాటిది. ఈ నాలుగూ ఒకే గుక్కలో చెప్పేయండి. అవతలివాడు ఏది సంవత్సరమో ఏది నంబరో తేల్చుకునేలోపు భోజనాల వేళవుతుంది.

11. స్పీకర్ కోయడం. 1964లో కింక్స్ బృందం గిటారిస్టు డేవ్ డేవీస్ తన చిన్న యాంప్ స్పీకర్ కాగితాన్ని బ్లేడుతో చీల్చి, దాంతో వచ్చిన బరబరని రికార్డుకెక్కించి చరిత్రలో నిలిచాడు. మీరూ చేయండి. మీ యాంప్ అక్కర్లేదు, స్నేహితుడిది వారం రోజులకని అడిగి తెచ్చుకోండి. తిరిగిచ్చేటప్పుడు అట్టపెట్టెలో పెట్టి, మొహం గోడవైపు తిప్పి ఇవ్వండి.

12. ఇంట్లో. భార్య లెక్కపెట్టగలదు, ఈ సంగతి ఎప్పుడూ మరవొద్దు. అందుకే గిటార్లన్నీ సన్‌బర్స్ట్ రంగులోనే కొనండి. అంచులు నలుపు, మధ్య పసుపు. స్టాండు మీద ఎప్పుడూ ఒకటే కనిపించాలి, మిగతావి అటక మీద సంచుల్లో. ‘ఏవండీ, ఇది పాతదేనా?’ అంటే ‘తుడిచాను’ అనండి. ధర అడిగితే ఒక సున్నా తీసి చెప్పండి. తండ్రిగారు అడిగితే రెండు తీసి చెప్పండి, ఆయన కాలపు ధరలకు అదే సరిపోతుంది. బంగారం మీద అప్పు తీసుకోవలసివస్తే అది రెండో గిటార్‌కి కాకుండా స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌కి అని చెప్పండి. ఆ పేరు వినగానే ఇంటికి సంబంధించిన కరెంటు సామానేమో అనుకుంటారు.

ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు యాంప్ మీద ఇస్త్రీ గుడ్డ పరిచి పూలకుండీ పెట్టండి. కుండీలో నీళ్లు పోసేది మీరే అయితే ఇంకా మంచిది, మరో రిపేరు సిద్ధంగా ఉంటుంది.

13. మెకానిక్కుల విషయంలో జాగ్రత్త. కోఠీ గుజరాతీ గల్లీ చుట్టుపక్కల, అలాగే ప్రతి పాత ఊళ్లోనూ, వాల్వు రేడియోలు బాగుచేసిన పెద్దవాళ్లు ఇంకా ఒకరిద్దరున్నారు. వాళ్ల చేతికి మీ యాంప్ ఇస్తే అయిపోయిందే. కళ్లజోడు నుదుటి మీంచి దించి, మీటరు ముళ్లు రెండు చోట్ల ఆనించి, ‘కెపాసిటర్ పోయింది బాబూ’ అని ఒక పూటలో బాగుచేసి చేతిలో పెడతారు. కూలి కూడా ఎక్కువ తీసుకోరు. అక్కడితో మీ చేతిలో పలికే యాంప్ ఉంటుంది, ఏ సాకూ ఉండదు.

అలాగని మీరే మూత తీయొద్దు. లోపల 400 వోల్టులు దాటి ఉంటుంది, ప్లగ్గు పీకేసిన తరవాత కూడా కెపాసిటర్లలో అది నిలవుంటుంది, ప్రాణం తీస్తుంది. ఇందులో చమత్కారమేమీ లేదు, మూత ముట్టుకోవద్దు. మనకు కావలసింది బద్ధకం, బద్ధకస్తులు మూతలు తీయరు. ‘బయాస్ సెట్ చేయించాలి, నమ్మకమైన మనిషి దొరకట్లేదు’ అని మాత్రం అందరికీ చెబుతూ ఉండండి. ఎవరైనా నమ్మకమైన మనిషి నంబరు పంపితే, థాంక్స్ బ్రో అని బొటనవేలు గుర్తు పెట్టి ఫోను పక్కన పడేయండి.

14. తీగలు మార్చకండి. తుప్పు పట్టిన తీగ శ్రుతి నిలవదు, కాంతి ఉండదు. విశాఖలాంటి ఉప్పుగాలి ఊళ్లో ఉంటే ఈ పని సముద్రమే చేసిపెడుతుంది. కొత్త తీగల సెట్టు ఒక ట్యూబు ధరలో చిన్న భాగం. తీగలు మారిస్తే యాంప్ బాగున్నట్టు తేలిపోయే ప్రమాదం ఉంది.

15. అమ్మకం. ఇక్కడికి వచ్చేసరికి బ్యాండ్ మీరు లేకుండానే షోలు చేస్తుంటుంది, వాళ్ల గిటారిస్టు 5 వాట్ల యాంప్ ముందు మైకు పెట్టి హాలంతా వినిపిస్తుంటాడు. అది మీకు సంబంధించిన విషయం కాదు. మీరు ఇప్పుడు టోన్ తెలిసిన మనిషి. కొత్తగా గిటార్ కొనేవాళ్లు ముందు మీకే ఫోన్ చేస్తారు. వాళ్లకి మీ 100 వాట్ల యాంప్ అమ్మండి.

ప్రకటనలో ‘చాలా తక్కువ వాడినది’ అని రాయండి. ఇది అక్షరాలా నిజం గనక ధైర్యంగా రాయొచ్చు. ముల్లార్డ్ ట్యూబులున్నాయని రాసి, అవి తీసి మామూలువి పెట్టి ఇవ్వండి. కొనడానికి వచ్చిన కుర్రాడు వాయించి చూస్తానంటే స్టాండ్‌బై మీద ఉంచి, వేడెక్కుతోందని చెప్పి, బాస్‌మ్యాన్ కథ మొదలుపెట్టండి. డబ్బు చేతిలో పడేదాకా కథ హాన్‌వెల్ దాటకూడదు. ఫుట్‌స్విచ్ మాత్రం మీ దగ్గరే ఉంచేసుకోండి. అది లేకుండా కాలితో రివర్బ్ ఆపలేడు గనక పది రోజుల్లో మళ్లీ ఫోన్ చేస్తాడు, దానికి విడిగా ధర చెప్పండి.